ఫ్రీజర్‌లో ఉన్నది ఎవరి బిడ్డ?

(లా విద్యార్థుల సభలో ఒక ఫ్యామిలీ కోర్టు న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పోస్టర్ మీద ‘కృత్రిమ శిశువు ఎవరి కస్టడీ?’ అని వేశారు. రోబో పిల్లల గురించి వింటామని వచ్చినవాళ్లు కొందరున్నట్టున్నారు, ముందు వరుసలో కుర్రాళ్ల ముఖాలు చూస్తే తెలుస్తోంది. రోబో దగ్గరికీ వస్తాను, కాస్త ఓపిక పట్టండి. కోర్టు మెట్లు నిజంగా ఎక్కిన కృత్రిమ శిశువులు వేరే ఉన్నారు. గాజు పళ్లెంలో మొదలై, మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో నిల్వ ఉండే పిండాలు. వాటికోసం ఒక పక్క కనాలనుకున్న దంపతులు, ఇంకో పక్క వాటిని తయారుచేసి దాచిన ఆసుపత్రి, మధ్యలో జడ్జి. నేను డాక్టర్ని కాదు. పిండం ఎలా తయారవుతుందో మీకు నాకంటే బాగా చెప్పేవాళ్లు ఉన్నారు. తయారయ్యాక అది ఎవరి చేతిలో ఉంటుంది, ఏ హక్కుతో ఉంటుంది, నేను చెప్పేది అంతవరకే.

ఈ మాట ఎత్తగానే మనవాళ్లు గాంధారి దగ్గరికి వెళ్లిపోతారు. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బేబీలే అన్నది ఎవరో కాదు, అప్పటి మన ఆంధ్రా యూనివర్సిటీ వైస్ చాన్సలర్. దేశమంతా నవ్వింది. నేను ఆ చర్చలోకి వెళ్లను గానీ, లాయర్‌గా నాకు ఆ కథలో నచ్చే సంగతి ఒకటుంది. వ్యాసుడు ఆ ముద్దను ముక్కలు చేయించి నేతి కుండల్లో పెట్టించాడు. మూతలు ఎప్పుడు తియ్యాలో చెప్పాడు. చెప్పి తపస్సుకు వెళ్లిపోయాడు. కుండలు రాజుగారి ఇంట్లోనే ఉన్నాయి. ఇప్పటి వ్యాసులు అలా వెళ్లిపోరు. కుండలు తమ దగ్గరే పెట్టుకుంటారు, ఏటా రెన్యువల్ ఫీజు అడుగుతారు. (నవ్వులు)

సరే, కేసుల్లోకి వద్దాం.

1973 సెప్టెంబర్, న్యూయార్క్. అప్పటికి ప్రపంచంలో ఒక్క టెస్ట్‌ట్యూబ్ బేబీ కూడా పుట్టలేదు. ఫ్లోరిడా నుంచి డెల్ జియో అనే దంపతులు వచ్చారు. ఆమెకు ఫెలోపియన్ ట్యూబులు మూసుకుపోయాయి, ఆపరేషన్లు చేయించుకున్నా ఫలితం లేదు. ఒక ఆసుపత్రిలో ఆమె నుంచి అండాలు తీశారు. వాటిని ఇంకో ఆసుపత్రికి చేర్చాలి. అంబులెన్స్ లేదు, కూలర్ పెట్టె లేదు. భర్తే ఆ గాజు గొట్టం పట్టుకుని టాక్సీ ఎక్కాడు. మన్‌హాటన్ ట్రాఫిక్‌లో, ఒక చేతిలో తన సంతానం, ఇంకో చేతిలో టాక్సీకి ఇవ్వాల్సిన డబ్బులు. అలా కొలంబియా ప్రెస్బిటేరియన్ ఆసుపత్రికి చేరాడు. అక్కడ లాండ్రమ్ షెటిల్స్ అనే డాక్టర్ ఆ అండాలను భర్త వీర్యంతో కలిపి ఇంక్యుబేటర్‌లో పెట్టాడు.

షెటిల్స్ ఎవరి అనుమతీ తీసుకోలేదు. మర్నాడు విభాగాధిపతి రేమండ్ వాండీ వీలీకి సంగతి తెలిసింది. ఆయన ఆ గొట్టాన్ని తన గదికి తెప్పించుకున్నాడు. దాని మూత తెరిచాక ఇక అందులో ఉన్నది పనికిరాదు. ఆసుపత్రి కమిటీకి చెప్పకుండా, సురక్షితమో కాదో తెలియని ప్రయోగం మనిషి మీద చేస్తారా అన్నది ఆయన వాదన. ఆ వాదనలో న్యాయం లేదని నేననను. డిపార్ట్‌మెంట్ పెద్దగా రేపు ఏదైనా జరిగితే జవాబు చెప్పాల్సింది ఆయనే. కానీ చూడండి, ఆ గొట్టం మూత తీసేముందు అదే ఊళ్లో ఇంకో ఆసుపత్రి మంచం మీద ఆపరేషన్ నొప్పులతో పడుకున్న మనిషిని ఒక్క మాట అడగాలని ఆయనకు తోచలేదు. సంస్థకు అది రూల్స్ తప్పిన ఒక డాక్టర్ వ్యవహారం. ఆమెకు అది బిడ్డ.

దంపతులు 15 లక్షల డాలర్లకు దావా వేశారు. విచారణ 1978 జూలైలో మొదలైంది. సాక్షుల్ని ప్రశ్నించడం నడుస్తుండగానే, జూలై 25న ఇంగ్లండ్‌లోని ఓల్డమ్‌లో లూయీ బ్రౌన్ పుట్టింది, ప్రపంచంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ. అప్పటిదాకా ‘జరగని పని కోసం గొడవేంటి’ అనే ధోరణిలో ఉన్న వాదనకు కాళ్ల కింద నేల కదిలిపోయింది. ఆగస్టులో జ్యూరీ తీర్పు చెప్పింది. ఆమెకు 50 వేల డాలర్లు. భర్తకు 3 డాలర్లు. టాక్సీలో మోసుకొచ్చినందుకు కిరాయి కూడా రాలేదు పాపం.

డబ్బు సంగతి వదిలేయండి, ఆ 50 వేలు దేనికి ఇచ్చారో చూడాలి. మా సొత్తును నాశనం చేశారన్న వాదనను జ్యూరీ ఒప్పుకోలేదు. ఆమెకు మానసిక క్షోభ కలిగించారు, దానికి పరిహారం ఇవ్వండి అంది. అంటే గొట్టంలో ఉన్నది ఆమెది అని ఎవరూ అనలేదు, ఆమె ఏడుపుకు మాత్రం ఒక రేటు కట్టారు. అన్నట్టు, పదేళ్లు తిరక్కుండానే అదే కొలంబియాలో ఐవీఎఫ్, అంటే టెస్ట్‌ట్యూబ్ పద్ధతి, కేంద్రం వచ్చింది. దాన్ని నడిపిన పెద్దల్లో వాండీ వీలీ ఒకరు.

ఇప్పుడు చెప్పబోయే కేసు నాకు అన్నిటికంటే ఇష్టం. లా చదువుకునే పిల్లలు దీన్ని తప్పకుండా చదవాలి. యార్క్ వర్సెస్ జోన్స్, వర్జీనియా ఫెడరల్ కోర్టు, 1989.

వర్జీనియాలోని నార్‌ఫోక్‌లో జోన్స్ ఇన్‌స్టిట్యూట్ అని ఉంది. అమెరికాలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ 1981 డిసెంబర్‌లో పుట్టింది ఆ బృందం చేతుల మీదే. యార్క్ దంపతులు పిల్లల కోసం అక్కడికి వెళ్లారు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ వెళ్లారు. ఇంజెక్షన్లు, స్కానింగులు, ఎగ్ పికప్ అని అండాలు తియ్యడం, ట్రాన్స్‌ఫర్ అని పిండాన్ని గర్భంలో పెట్టడం, రెండు వారాల టెన్షన్, నెగెటివ్. మళ్లీ మొదలు. ఈ వరస మనలో చాలా ఇళ్లకు తెలుసు, పైకి చెప్పుకోరు అంతే. 1987లో ఒక విడతలో ఆరు పిండాలు వచ్చాయి. ఐదింటిని ఆమె గర్భంలో పెట్టారు, నిలవలేదు. మిగిలిన ఒక్కదాన్ని ఫ్రీజ్ చేశారు.

ఈలోగా దంపతుల కాపురం కాలిఫోర్నియాకు మారింది. నార్‌ఫోక్ దేశానికి ఈ చివర, లాస్ ఏంజిలెస్ ఆ చివర. మా పిండాన్ని మాకివ్వండి, లాస్ ఏంజిలెస్‌లో మా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి అక్కడ ట్రాన్స్‌ఫర్ చేయించుకుంటాం అని 1988లో అడిగారు. భర్త కూడా డాక్టరే. తగిన పెట్టెలో పెట్టి విమానంలో నేనే తీసుకెళ్తానన్నాడు. ఇన్‌స్టిట్యూట్ కుదరదంది.

ఎందుకు కుదరదు? ఫీజు బాకీ ఉందా? లేదు. పిండం వాళ్లది కాదా? వాళ్లదే. మరి? మీరు సంతకం పెట్టిన ఒప్పందంలో ఇంకో ఆసుపత్రికి పంపడం గురించి లేదు అన్నారు. ఒప్పందంలో మూడే దారులున్నాయి: వేరే దంపతులకు దానం చెయ్యడం, పరిశోధనకు ఇవ్వడం, కరిగించి వదిలెయ్యడం. ఇందులో ఏదో ఒకటి ఎంచుకోండి, లేదా మళ్లీ నార్‌ఫోక్ రండి.

ఒక్కసారి ఆలోచించండి. దాన్ని పరాయి దంపతులకు ఇచ్చెయ్యొచ్చట, ల్యాబ్‌లో కోసి చూడొచ్చట, పారబొయ్యొచ్చట. దాని తల్లి కడుపులోకి మాత్రం, అది ఇంకో ఊళ్లో అయితే, వెళ్లకూడదట! సంస్థలో ఎవరూ దుర్మార్గులు కారు. ఆ దంపతులకు బిడ్డను ఇవ్వాలని ఏళ్ల తరబడి కష్టపడ్డవాళ్లే. కానీ దాచిపెట్టే పని కొన్నాళ్లు చేస్తే, దాచినవాడికి ఆ వస్తువు తనదేనన్న భావన మెల్లగా వచ్చేస్తుంది. నా దగ్గరికి వచ్చే కేసుల్లో సగం ఈ జబ్బే.

జడ్జి ఏం చేశాడో చూడండి. జీవం ఎప్పుడు మొదలవుతుంది, ఇది మనిషా కాదా, ఆ గొడవ జోలికే పోలేదు. ఒప్పందం కాగితం తీసి చదివాడు. అందులో ‘మా పిండాలు’ అని దంపతులతో సంతకం పెట్టించుకున్నది మీరే కదా అన్నాడు. విడాకులైతే ఆస్తి పంపకంలో తేల్చుకోవాలి అని రాసింది కూడా మీరే. పైగా ఆ మూడు దారులూ ఇక పిల్లలు వద్దనుకున్నప్పటి సంగతి. వీళ్లు కావాలంటున్నారు కదా! కాబట్టి ఇది బెయిల్‌మెంట్ లాంటి సంబంధం అని తేల్చాడు. అంటే లాండ్రీలో వేసిన పట్టుచీర లాంటిది. ఉతికి, ఇస్త్రీ చేసి, అడిగినప్పుడు ఇవ్వాలి. నీ షాపులో ఉంది కాబట్టి నీది అయిపోదు. కేసు కొట్టెయ్యమని ఇన్‌స్టిట్యూట్ పెట్టుకున్న పిటిషన్‌ను తోసిపుచ్చాడు. ఆ తర్వాత పూర్తి విచారణ దాకా పోకుండా రాజీ అయ్యారు.

మన దగ్గర ఇదే సూత్రం 1872 కాంట్రాక్ట్ చట్టంలో 148వ సెక్షన్ నుంచి ఉంటుంది. పరీక్షకు చదివి మర్చిపోయేది. ఆ 1872ను కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. ఒప్పుకోవాలని లేదు, టీ తాగేటప్పుడు పోట్లాడండి. పిండాన్ని ‘బిడ్డ’ అంటే తల్లిదండ్రుల బలం పెరుగుతుందని, ‘సొత్తు’ అంటే తగ్గుతుందని మనం అనుకుంటాం. కేసులు తిరగేస్తే ఉల్టాగా ఉంది. సొత్తు అన్న చోట సంస్థ తిరిగిచ్చింది. బిడ్డ అన్న చోట, ఆ బిడ్డ మంచి చూస్తామంటూ మూడోవాడు గుమ్మంలోకి వచ్చాడు. ఎందుకంటే వస్తువుకు యజమాని ఉంటాడు, బిడ్డకు యజమాని ఉండడు, సంరక్షకుడే ఉంటాడు. సంరక్షకుణ్ణి కోర్టు మార్చగలదు.

అమెరికాలోనే లూయిసియానా రాష్ట్రంలో 1986లోనే చట్టం తెచ్చారు. గాజు పాత్రలోని పిండానికి చట్టం దృష్టిలో వ్యక్తిత్వం ఉంటుంది, దాన్ని కావాలని నాశనం చెయ్యకూడదు. వినడానికి ఎంతో గౌరవంగా ఉంది. కొంచెం కిందికి చదివితే, దంపతులు తమ పేర్లు చెప్పుకోని పక్షంలో, ఎవరైనా దత్తత తీసుకునేదాకా ఆ పిండానికి తాత్కాలిక గార్డియన్ డాక్టర్! ఫ్రీజర్ తాళం చేతిలో ఉన్నవాడే గార్డియన్ అయ్యాడు.

అక్కడే ఇంకో రాష్ట్రం టెనెసీలో 1989లో డేవిస్ దంపతుల విడాకుల కేసు. ఏడు ఫ్రోజెన్ పిండాలు. కింది కోర్టు జడ్జి అవి పిల్లలే అన్నాడు, వాటి శ్రేయస్సు దృష్ట్యా కస్టడీ భార్యకు ఇచ్చాడు. ఫ్రాన్స్ నుంచి పెద్ద జన్యుశాస్త్రవేత్తను సాక్షిగా పిలిపించారు, ఆయన ఫ్రీజర్‌ను నాజీల క్యాంపుతో పోల్చాడు. 1992లో రాష్ట్ర సుప్రీంకోర్టు అదంతా పక్కన పెట్టి, ఇవి మనుషులూ కావు, సొత్తూ కావు, మధ్యస్థంగా ప్రత్యేక గౌరవానికి తగినవి అంది. అందరూ మెచ్చుకునే తీర్పు. నాకు మాత్రం అది గోడ మీద పిల్లిలా అనిపిస్తుంది. తల్లిదండ్రులు ఇద్దరి మధ్య తగువైతే సరిపోతుంది. తగువు ఆసుపత్రితో అయితే ‘ప్రత్యేక గౌరవం’ పట్టుకుని ఫ్రీజర్ తలుపు తెరిపించగలరా?

ఇక అలబామా రాష్ట్రం. 2020 డిసెంబర్‌లో మొబీల్ అనే ఊళ్లో ఒక ఆసుపత్రి. అక్కడి పేషెంట్ ఒకడు తిరుగుతూ తిరుగుతూ పిండాలు దాచిన గదిలోకి వెళ్లాడు. చెయ్యి పెట్టి కొన్నిటిని బయటికి తీశాడు. అంత చల్లటిదాన్ని ఒట్టి చేత్తో పట్టుకుంటే ఏమవుతుంది? చెయ్యి కాలినట్టయింది, కింద పడేశాడు. అవి పోయాయి. ఆ పిండాలు దాచుకున్న దంపతులు కోర్టుకు వెళ్లారు. మైనర్ పిల్లలు ఇతరుల తప్పు వల్ల చనిపోతే పరిహారమిచ్చే చట్టం అక్కడ ఉంది, అది పుట్టింది కూడా 1872లోనే. 2024 ఫిబ్రవరి 16న ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు గర్భం బయట ఉన్నా పిల్లలే, ఈ చట్టం వర్తిస్తుంది అంది. అదే ఏడాది పుట్టిన రెండు చట్టాలు. మనది అప్పగించిన సరుకు గురించి, వాళ్లది చనిపోయిన బిడ్డ గురించి.

దంపతులు గెలిచారు కదా, మేడమ్ చెప్పేదానికి ఇది విరుద్ధం కదా అని అక్కడెవరో గొణుగుతున్నారు. గెలిచారు, నిజం. కానీ ఆ వారంలోనే రాష్ట్రంలో పెద్ద పెద్ద సెంటర్లు ఐవీఎఫ్ ఆపేశాయి. ఒక పిండం పాడైతే మనిషి చావు కింద లెక్కంటే ఏ డాక్టర్ ముట్టుకుంటాడు? ఇంజెక్షన్లు మొదలుపెట్టిన ఆడవాళ్లు మధ్యలో ఆగిపోయారు. గోల పెరిగి, మార్చి 6న అక్కడి అసెంబ్లీ హడావుడిగా కొత్త చట్టం చేసింది. అందులో ఏముంది? ఐవీఎఫ్ చేసేవాళ్ల మీద కేసుల్లేకుండా రక్షణ. అంటే చివరికి ఎవరికి మేలు జరిగింది? తాళాలున్నవాళ్లకే.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. గుజరాత్‌లోని ఆనంద్ పట్టణం అప్పట్లో సరోగసీకి ప్రపంచ రాజధాని. ఒక జపాన్ జంట అక్కడ ఒప్పందం చేసుకున్నారు. అండం దాత ఎవరో తెలియదు, వీర్యం భర్తది, గర్భం మోసింది మన దేశపు స్త్రీ. ప్రసవానికి నెల ముందు ఆ జంట విడాకులు తీసుకున్నారు. పాప 2008 జూలై 25న పుట్టింది. లూయీ బ్రౌన్ పుట్టినరోజే, సరిగ్గా 30 ఏళ్ల తర్వాత. మర్నాడే అహ్మదాబాద్‌లో బాంబు పేలుళ్లు. పాపను జైపూర్‌కు తరలించారు. జపాన్ నుంచి నాయనమ్మ వచ్చి పసిగుడ్డును ఒళ్లో వేసుకుని కూర్చుంది. భాష రాదు, ఎండ, ఆసుపత్రి.

ఇంతలో జైపూర్‌లోని ఒక స్వచ్ఛంద సంస్థ రాజస్థాన్ హైకోర్టులో హెబియస్ కార్పస్ వేసింది. ఇది పిల్లల వ్యాపారం, పాపను కోర్టు ముందుంచండి అని. హెబియస్ కార్పస్ అంటే మామూలుగా పోలీసులు ఎత్తుకుపోయిన మనిషి కోసం వేస్తాం. ఇక్కడ నాయనమ్మ ఒళ్లో ఉన్న పాప కోసం వేశారు. ఆ సంస్థ భయాలు ఊరికే పుట్టినవి అనను, ఆ రోజుల్లో సరోగసీకి చట్టమే లేదు. కానీ పాపకు పాలు పట్టేది ఎవరు, పిటిషన్ వేసింది ఎవరు? నాయనమ్మ సుప్రీంకోర్టుకు వెళ్లాల్సొచ్చింది. సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు, ఫిర్యాదులుంటే బాలల హక్కుల కమిషన్‌కు చెప్పుకోండి అని ఆ కేసు ముగించింది. నవంబర్‌లో నాయనమ్మ, మనవరాలు విమానం ఎక్కారు. బేబీ మంజీ యమదా కేసు అని వెతకండి, దొరుకుతుంది.

పుట్టిన పిల్లను సొత్తు అనమని నేను చెప్పడం లేదు, దయచేసి అలా రాసుకోకండి. పుట్టాక బిడ్డ బిడ్డే, ఆ బిడ్డకు కోర్టు రక్షణ ఉండాల్సిందే. నేను మాట్లాడుతున్నది పుట్టకముందు, ఫ్రీజర్‌లో ఉన్నప్పటి సంగతి.

దానికి మన దగ్గరి తాజా ఉదాహరణ ఢిల్లీ హైకోర్టు, 2024 అక్టోబర్ 4. పెళ్లికాని ఒక అబ్బాయికి క్యాన్సర్. కీమోథెరపీ వల్ల సంతానం కలగకపోవచ్చని 2020లో ముందే వీర్యం దాచుకున్నాడు. ఆ ఏడాదే చనిపోయాడు. తల్లిదండ్రులు వెళ్లి మా అబ్బాయిది మాకివ్వండి అన్నారు. కోర్టు ఆర్డర్ లేనిదే ఇవ్వం అంది ఆసుపత్రి. నాలుగేళ్లు నడిచింది. చివరికి కోర్టు, అది ఆ అబ్బాయి సొత్తు, భార్యాపిల్లలు లేరు కాబట్టి వారసులు తల్లిదండ్రులు, ఇచ్చెయ్యండి అంది. మనవల కోసం ఏడ్చే ముసలివాళ్లకు తలుపు తెరిచింది వారసత్వ చట్టం! గార్డియన్ చట్టం కాదు.

సొత్తు అంటే అమ్ముకోవచ్చు కదా అని భయం. నాకూ ఉంది. కానీ సొత్తు అన్నంత మాత్రాన అమ్ముకునే హక్కు రావాలని లేదు. మీ కిడ్నీ మీదే, 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం దాన్ని అమ్మలేరు. అమ్మడానికి వీల్లేని సొత్తుగా చూడమంటున్నాను.

ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సల కోసం మన ఏఆర్‌టీ చట్టం 2021లో వచ్చింది, 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. అమ్మకాన్ని పూర్తిగా నిషేధించింది, మంచిదే. అయితే 29వ సెక్షన్ చదవండి. మీ సొంత పిండాన్ని, మీ సొంత వాడకానికి బదిలీ చేసుకోవాలన్నా నేషనల్ బోర్డు అనుమతి ఉండాలి. యార్క్ దంపతులు గుంటూరులో ఉండి పిండాన్ని హైదరాబాద్ తీసుకెళ్తామంటే ఢిల్లీ వైపు చూడాల్సిందే. 28వ సెక్షన్ పదేళ్ల గడువు పెట్టింది. పదేళ్లు దాటితే నశించనివ్వాలి, లేదా దంపతుల అనుమతితో పరిశోధనకు ఇవ్వాలి. ఇలాంటి గడువు బ్రిటన్‌లో ఐదేళ్లు ఉండేది. 1996 ఆగస్టులో గడువు తీరి, దంపతుల నుంచి జవాబు రానివి 3 వేలకు పైగా పిండాలను కరిగించేశారు. ఇళ్లు మారినవాళ్లు, ఉత్తరం అందనివాళ్లు ఎందరో. మన దగ్గర అడ్రస్ ఎంత స్థిరంగా ఉంటుందో మీకు తెలుసు, ఫోన్ నంబరే ఏడాదికోసారి మారుతుంది.

చట్టం ఇంకో మంచి పని చేసింది. దంపతుల్లో ఒకరు చనిపోతేనో, మాట్లాడలేని స్థితికి వస్తేనో పిండాన్ని ఏం చెయ్యాలో ముందే రాతపూర్వకంగా తీసుకోకుండా ఫ్రీజ్ చెయ్యకూడదంది. కాగితం మీద చాలా బాగుంది. ఆ సంతకం ఎలా జరుగుతుందో చెబుతాను. ఉదయం ఏడు గంటలకు ఎగ్ పికప్. ఆమె రాత్రి నుంచి నీళ్లు కూడా తాగలేదు. ఆసుపత్రి గౌను వేశారు, చేతికి క్యానులా ఉంది. నర్సు క్లిప్‌బోర్డు తెస్తుంది. ఇంగ్లిష్‌లో పేజీలకు పేజీలు. సంతకం చెయ్యాల్సిన చోటల్లా పెన్సిల్‌తో చిన్న ఇంటూ మార్కు. ‘ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ కూడా మేడమ్.’ చనిపోతే ఏం చెయ్యాలన్న చోట మూడు గళ్లు ఉంటే, నర్సే అలవాటుగా మొదటి గడిలో టిక్ పెట్టేస్తుంది. భర్త కింద బిల్లు కౌంటర్ దగ్గర లైన్లో ఉన్నాడు, ఆయన సంతకం తర్వాత. కాపీ ఇవ్వరు. మళ్లీ ఆ కాగితం కనబడేది తగువొచ్చి కోర్టుకు చేరాకే. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ తన సంతకాన్ని కోర్టు హాల్లో చూసి, ‘ఇది నా చేతిరాతే, కానీ ఇది నేను ఎప్పుడు చదివానండీ?’ అంది.

రోబో కోసం వచ్చినవాళ్లు లేచి వెళ్లకముందే ఆ సంగతి. అమెరికాలో మాక్సీ అని పిల్లలతో మాట్లాడే చిన్న రోబో ఉండేది, ధర 800 డాలర్ల దాకా. పిల్లలు దానికి కబుర్లు చెప్పేవాళ్లు. 2024 డిసెంబర్‌లో కంపెనీ మూతపడుతోందని ప్రకటించింది. రోబో మీ ఇంట్లోనే ఉంది, డబ్బు మీదే, కానీ దాని మాటలు కంపెనీ సర్వర్‌లో ఉన్నాయి. సర్వర్ ఆగితే అది మూగది. ఏడుస్తున్న పిల్లలకు ఎలా చెప్పాలో తల్లిదండ్రులకు అర్థం కాలేదు. రేపు ఎవరైనా పిల్లలు లేని దంపతులు ఇలాంటిదాన్ని బిడ్డగా పెంచుకుంటే, కంపెనీ వెనక్కి తీసుకుంటానంటే, మీ తరం లాయర్లే ఆ కేసు వాదిస్తారు. ‘ఇది ప్రాణమున్నదా, దీనికి మనసుందా’ అని మొదలుపెట్టకండి, అక్కడ కంపెనీ మిమ్మల్ని పదేళ్లు తిప్పుతుంది. లైసెన్స్ ఒప్పందం ఎక్కడుంది అని మొదలుపెట్టండి. యార్క్ కేసులో జడ్జి చేసిన పని అదే.

ఇక ప్రశ్నలు. చెప్పమ్మా, నువ్వే ముందు చెయ్యెత్తావు.

(ప్రశ్న: మేడమ్, సంతకం పెట్టకపోతే ట్రీట్‌మెంటే చెయ్యరు కదా? పేషెంట్ ఏం బేరమాడగలదు?)

బేరం ఆడలేదు, నిజమే. అందుకే ఆ రోజు పొద్దున బేరం ఆడమని నేను చెప్పను. మొదటి కౌన్సెలింగ్ రోజున, ఇంకా డబ్బు కట్టకముందు, కన్సెంట్ ఫారాలన్నీ ఇంటికి ఇవ్వమని అడగమంటాను. అప్పుడు సెంటర్‌కు మీరు కస్టమర్, పికప్ రోజున మీరు పేషెంట్. తేడా చాలా ఉంది. తెలుగులో ఇవ్వమని అడగండి. వేరే సెంటర్‌కు మార్చుకోవాలంటే బోర్డు అనుమతికి కావాల్సిన కాగితాలు ఎన్ని రోజుల్లో ఇస్తారో ఒక లైను రాయించుకోండి. కొన్నిచోట్ల అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టు వాళ్లు ట్రాన్స్‌ఫర్ చెయ్యరు, కాగితాలూ ఇవ్వరు. నిల్వ ఫీజు కట్టడం ఆలస్యమైతే పిండాన్ని ఏం చేస్తారో అడగండి, ఆ క్లాజు దాదాపు ఎవరూ చదవరు. ఎన్ని పిండాలు ఫ్రీజ్ చేశారో, ఏ రోజువో, డే త్రీనా డే ఫైవా, అంటే మూడు రోజుల పిండమా ఐదు రోజులదా, రాసిచ్చిన రిపోర్టు మీ దగ్గర పెట్టుకోండి. సంతకం చేసిన ప్రతి పేజీ ఫోన్లో ఫొటో తియ్యండి, నర్సు వద్దంటే డాక్టర్ని అడగండి. అడ్రస్ మారితే సెంటర్‌కు ఈమెయిల్ పెట్టండి, ఫోన్ చేసి చెబితే రికార్డు ఉండదు.

తర్వాత ఎవరు? వెనక ఆ బాబు.